ఫొటోలో ఉన్న ఇల్లు ఎవరిది

ఒక తండ్రి పదిహేనేళ్లుగా కాపాడుకుంటూ వచ్చిన పరువును నేను ఒకే ఒక్క పీరియడ్‌లో, అదీ బెల్లు కొట్టడానికి ఇంకా ఏడు నిమిషాలుండగానే, శుభ్రంగా తుడిచిపెట్టేశాను. అది చాలదన్నట్టు, తుడవడంలో సాయపడిన పిల్లలకు శభాష్ అని కూడా చెప్పాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో మీకు వివరంగా చెబుతాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది, కాకపోతే ఆ తర్వాత కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. ఒంగోలు నుంచి మెల్‌బోర్న్ వచ్చి, యూనివర్సిటీలో టీచింగ్ కోర్సు ముగించి, నగరానికి పడమటి వైపున్న ఒక హైస్కూల్లో చరిత్ర టీచరుగా చేరాను. ఏడాది కాంట్రాక్టు. మా విభాగానికి పెద్ద హెలెన్ అనే ఆవిడ. చేరిన రోజే నా చేతిలో ఒక లావుపాటి ఫైలు పెట్టి, "పదో తరగతికి అమెరికా నీది," అంది. ఫ్యాక్టరీలు పుట్టుకొచ్చిన కాలం, ఓడల్లో వచ్చి దిగిన జనం, కిక్కిరిసిపోయిన నగరాలు, ఇవి నువ్వు చెప్పాల్సిన పాఠాలు అని ఆవిడ ఉద్దేశం. నాకు మాత్రం అమెరికాను నా పేరు మీద రాసిచ్చినట్టే అనిపించింది.

కొంచెం ఆగి ఆలోచించండి. ఒంగోలువాడొకడు ఆస్ట్రేలియాలో నిలబడి, వియత్నాం నుంచీ సూడాన్ నుంచీ పంజాబ్ నుంచీ వచ్చినవాళ్ల పిల్లలకు, ఇటలీ వదిలి న్యూయార్క్ చేరినవాళ్ల కష్టాలు చెప్పాలి. ఆ గదిలో వలస అంటే ఏమిటో తెలియని ఇల్లు లేదు. అయినా ఆ సంగతి నా ఒక్కడికే తెలిసినట్టు మొదలుపెట్టాను.

ఏడాది మధ్యలో అమెరికా వంతు వచ్చింది. ఫ్యాక్టరీల పాఠానికి ఇరవై నాలుగు మందినీ వరసగా నిలబెట్టి శాండ్‌విచ్‌లు చేయించాను. ఒకడు వెన్న రాయడమే, ఇంకొకడు ఆకు పెట్టడమే, మరొకడు కోయడమే. పావుగంటకల్లా వెన్న రాసేవాడు విసుగెత్తి కత్తి కింద పెట్టాడు. ఇంకో అయిదు నిమిషాలకు అందరూ సమ్మె చేశారు. సమ్మెల సంగతి తర్వాతి పాఠంలో ఎలాగూ ఉంది కనుక అందరికీ మార్కులు వేశాను.

ఆ తర్వాత ఇరుకు గదుల పాఠం. నేలమీద టేపుతో ఒక చిన్న గది గీసి, పదకొండు మందిని అందులోకి తోశాను. "ఇక్కడే పడక, ఇక్కడే వంట, ఇక్కడే బట్టలు కుట్టే పని. కిటికీ లేదు," అన్నాను. లిన్ అనే వియత్నామీ అమ్మాయి ఎవరి మోచేతి కిందనుంచో తల బయటపెట్టి, "ఎలా బతికారు సర్?" అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపి, "పాపం," అన్నాను, ఎక్కడో ఎవరికో జరిగినట్టు. ఈ "పాపం" దగ్గరికి మళ్లీ వస్తాం, గుర్తుంచుకోండి.

మూడో వారం ఫొటోల పాఠం. ఆ రోజుల్లో న్యూయార్క్ చేరినవాళ్లు ఫొటో స్టూడియోకి వెళ్లి, స్టూడియోవాడి కోటే తొడుక్కుని, స్టూడియోవాడి గడియారం గొలుసే జేబుకు తగిలించుకుని, గుడ్డ మీద గీసిన మేడమెట్ల పక్కన నిలబడి ఫొటో దిగేవారు. అది ఇంటికి పంపేవారు. "కాబట్టి ఫొటోను నమ్మకండి, ప్రశ్నించండి," అని బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశాను. ఎవరు తీశారు? ఎవరికోసం తీశారు? అంచుల్లో ఏముంది? ఆ మూడో ప్రశ్న నేను సొంతంగా కనిపెట్టింది. దాన్ని చూసి నేనే మురిసిపోయాను. ఇంటినుంచి ఒక్కొక్కరూ ఒక ఫొటో తెమ్మన్నాను, వేరే దేశం నుంచి ఇక్కడికి వచ్చిన తమవాళ్లెవరిదైనా.

మా క్లాసులో ఒకే ఒక్క తెలుగమ్మాయి సహస్ర. ఇక్కడే పుట్టింది. తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. తండ్రి ప్రసాద్ గారిది గుంటూరు. రైళ్లు బాగుచేసే చోట ఇంజనీరు. పాయింట్ కుక్ అనే పేటలో ఉంటారని తెలుసు. తెలుగువాళ్ల కార్యక్రమాల్లో దూరం నుంచి నమస్కారం పెట్టుకునే పరిచయం, అంతే.

"ముందు ఎవరి ఫొటో చూద్దాం?" అని అడిగితే అందరికన్నా ముందు చెయ్యెత్తింది సహస్రే. అది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఫొటోను కెమెరా కింద పెట్టగానే గోడమీద పెద్దదిగా పడింది. ఎర్ర ఇటుకల ఇల్లు, ముందు ఒక తెల్ల కారు, కోటు వేసుకుని నవ్వుతున్న సన్నటి యువకుడు.

"మా నాన్న. ఇది ఆయన మొదటి ఇల్లు. వచ్చిన ఏడాదికే కొన్నారు," అంది సహస్ర. (క్లాసులో మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి, మీకోసం తెలుగులో చెబుతున్నాను.)

"మంచిది. ఇప్పుడు ప్రశ్నిద్దాం. అంచుల్లో ఏముంది?" అన్నాను చేతులు రుద్దుకుంటూ.

లియమ్ అనే కుర్రాడికి చదువు మీద పెద్ద ఆసక్తి లేదు గానీ కళ్లు మాత్రం డేగ కళ్లు. "కోటు చేతులు పొట్టిగా ఉన్నాయి సర్. మణికట్టు దాకా రాలేదు."

"భేష్! అంటే?"

"కోటు ఆయనది కాదు."

"ఇంకా?"

"బూట్లు చూడండి. ముందు ఇనప రేకు ఉండే పని బూట్లు. వాటిమీద తెల్లగా ఏదో పొడి."

"అద్భుతం!"

"ఎడమ మూల చిన్న తోపుడు బండి కనిపిస్తోంది సర్. దాన్నిండా పాంప్లెట్లు," అంది లిన్. "పోస్టు డబ్బా మీదేమో పాంప్లెట్లు వేయొద్దని స్టిక్కర్ ఉంది."

"కిటికీలో ఒక ముసలావిడ తెర తొలగించి చూస్తోంది!" లియమ్ లేచి నిలబడ్డాడు. "సర్, ఆవిడ ఆయన్ని ఇంతకుముందెప్పుడూ చూసినట్టు లేదు!"

క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వుల మధ్యలోనే సహస్ర అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది. "నాకు లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడల్లా నాన్న ఈ ఫొటోయే చూపిస్తారు. 'ఒక్క ఏడాదిలో నేను ఇది చేశాను' అంటారు."

అక్కడ ఆగాలి. ఏ మనిషైనా అక్కడ ఆగుతాడు. నేను ఆగి ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు. గొంతు సవరించుకుని, "చరిత్రకారుడికి సొంత ఇష్టాయిష్టాలు ఉండకూడదు సహస్రా," అని ఒక మహావాక్యం పలికాను. బోర్డు వైపు తిరిగి, "ఇల్లు ఆయనది కాదు. కారు కాకపోవచ్చు. కోటు కానే కాదు. పాంప్లెట్లు పంచడానికి వచ్చి, ఎవరి ఇంటి ముందో నిలబడి దిగిన ఫొటో ఇది. శభాష్, అందరికీ పూర్తి మార్కులు," అని తీర్పు చెప్పాను. తిరిగి చూసేసరికి గోడమీద ఫొటో లేదు. సహస్ర దాన్ని తీసి సంచిలో పెట్టుకుని, తల వంచుకుని గది దాటుతోంది.

మర్నాడు పొద్దున హెలెన్ స్టాఫ్ రూములో నన్ను పట్టుకుంది. "ఒక పేరెంట్ ఇవాళ మూడున్నరకు నిన్ను కలవాలంటున్నారు. ఏం చేశావు?"

"పాఠం చెప్పాను."

"అది తెలుసు. ఎంత చెప్పావు?"

మూడున్నర దాకా నేను నాలుగు కాఫీలు తాగాను, మూడు రాజీనామా లేఖలు మనసులో రాసుకున్నాను.

ప్రసాద్ గారు పనిబట్టల్లోనే వచ్చారు. మెరిసే పట్టీల చొక్కా, చేతిలో హెల్మెట్. పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. అరుస్తారనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"మాస్టారూ, ఆ ఇల్లు నాది కాదండి."

"తెలుసండి," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

ఆయన నన్నొకసారి చూసి, తల దించుకున్నారు. "ఆ కోటూ నాది కాదు. మా రూమ్‌లో ఎనిమిది మందికి ఒకటే కోటు. ఇంటర్వ్యూ ఎవడికుంటే వాడేసుకునేవాడు, ఆ రోజు ఫొటోకని నేనేసుకున్నా. బూట్లు మాత్రం నాయేనండి. తెల్లారకముందే బేకరీలో షిఫ్టు, అది అయిపోంగానే పాంప్లెట్లు. ఆ పొడి మైదా పిండి. ఆ బూట్లు చూపించి ఫేక్ అని తేల్చారంట గదా. ఫొటో మొత్తంలో నిజం ఉండేది వాటిల్లోనేనండి."

నా చూపు ఆయన కాళ్లకున్న బూట్ల మీదికి పోయింది.

"ఆ కిటికీలో ముసలామె ఉంది చూశారా, పోలీసుల్ని పిలవలా. బయటికొచ్చి, టీ తాగుతావా అబ్బాయ్ అంది. ఫొటో తీసిన మా రూమ్‌వాడు కాక ఆ రోజు పొద్దుట్నుంచి నాతో మాట్లాడిన మనిషి ఆమే. అదంతా ఫొటోలో రాదు గదండి."

"నా తప్పే ప్రసాద్ గారు."

"నాదీ ఉందండి. మా అమ్మ దిగులు పడకూడదని తీయించుకున్న ఫొటో అది. దాన్ని నేను బిడ్డని బెదిరించడానికి వాడా. అది తప్పే, ఒప్పుకుంటా. కానీ ఆ మాట దానికి నేను చెప్పుకోవాల. ఇరవై మంది ముందు మీరు చెప్పాల్సింది కాదు. నిన్న డిన్నర్‌లో 'వాట్ ఎల్స్ ఈజ్ ఫేక్, డాడ్?' అనడిగిందండి. ముద్ద దిగలా నాకు. మళ్లా నాతో మాట్లాడలా."

"రేపు క్లాసులో అందరి ముందూ క్షమాపణ చెబుతానండి."

"అంటే మళ్లా నా ఫొటో ఎత్తుతారా? వద్దు సామీ, మీకో దణ్ణం!" ఆయన నిజంగానే చేతులు జోడించారు. "మీ సబ్జెక్టే మానేస్తానని వాళ్లమ్మతో అంటంది. స్కూలుకి రాబుద్ధి కావట్లేదంటంది. ఆ ఒక్కటీ ఆపండి. ఇంట్లో సంగతి నే చూసుకుంటా."

ఆయన వెళ్లాక ఆ ఖాళీ క్లాసులో చాలాసేపు కూర్చున్నాను. నేలమీద నా టేపు గది ఇంకా అలాగే ఉంది.

ఇక మీకొక సంగతి చెప్పక తప్పదు, ఇంతసేపూ దాచాను. అప్పట్లో నేను వెర్రిబీ అనే శివారులో ఒక ఇంటి గ్యారేజీలో ఉండేవాణ్ణి. ఇంట్లో మొత్తం ఏడుగురం. నా పరుపుకూ బట్టలుతికే మిషన్‌కూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత చోటుండేది. ఒంగోల్లో మా అమ్మ దగ్గరున్న ఫొటోలో మాత్రం నేను ఒక రెండంతస్తుల ఇంటి ముందు, నల్ల కారుకు ఆనుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని ఉంటాను.

ఆ జనవరిలో, ఉద్యోగం వచ్చిన వారంలో, పాయింట్ కుక్‌లో ఎవరిదో గృహప్రవేశానికి రూమ్మేట్ కిరణ్‌తో వెళ్లాను. భోజనాలు నడుస్తుండగా ఆ వీధిలో తిరుగుతూ, ఉన్నవాటిలో మంచి ఇల్లొకటి చూసుకుని, "కిరణూ, ఒకటి కొట్రా," అన్నాను. ఎవరి ఇల్లో తెలియదు. ఆ పేటలో ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి, ఉన్నవాళ్లే ఒక్కోసారి పక్క గుమ్మం ఎక్కుతారు. అమ్మకు పంపుతూ, "ఇక్కడే ఉంటున్నానమ్మా," అని రాశాను. ఇక్కడ అంటే ఎక్కడో నేను రాయలేదు, అమ్మ అడగలేదు. ఇంత చరిత్ర చదివినవాణ్ణి, ఆ వాక్యాన్ని నేనెప్పుడూ ప్రశ్నించుకోలేదు.

తర్వాతి క్లాసులో సహస్ర చివరి బల్ల దగ్గర, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను నా ఫొటోను గోడమీద వేశాను.

"ఇతను మీరే కదా సర్," అన్నాడు లియమ్.

"అవును. మూడు ప్రశ్నలూ వేయండి. జాలి పడొద్దు."

జాలి పడొద్దన్నది అనవసరపు మాట. పదిహేనేళ్ల పిల్లలకు టీచరును దొరకబుచ్చుకునే అవకాశం ఏడాదికి ఒకసారైనా రాదు.

"సర్, సాక్సులు రెండూ వేరు వేరు రంగులు!"

"చేతిలో పేపర్ ప్లేటు ఉంది. దాన్లో పచ్చగా అన్నమేదో ఉంది. సొంతింటి ముందు పేపర్ ప్లేటుతో ఎవరు నిలబడతారు?"

"పులిహోర," అన్నాను, వివరాల్లో తప్పు రాకూడదని.

"కారుకు ఆనుకున్నారు గానీ సరిగ్గా ఆనుకోలేదు సర్. అలారం మోగుతుందని భయపడుతున్నట్టుంది!"

"గుమ్మం పక్క చెప్పుల స్టాండు. అన్నీ ఆడవాళ్ల చెప్పులే. మీకు పెళ్లయిందా సర్?"

క్లాసు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నేను గంభీరంగా నిలబడి, ఇక నా ఒప్పుకోలు ప్రసంగం మొదలుపెడదామని గొంతు సవరించుకున్నాను. పొద్దున అద్దం ముందు రెండుసార్లు అభ్యాసం చేసిన ప్రసంగం. అప్పుడే చివరి బల్ల కదిలిన చప్పుడైంది. సహస్ర లేచి, మెల్లగా గోడ దగ్గరికి వచ్చి, ఫొటోను దగ్గర్నుంచి చూసింది.

"సర్, దట్స్ అవర్ హౌస్."

ఎవరూ నవ్వలేదు.

"దట్స్ డాడ్స్ కార్. ఆ పింక్ చెప్పులు నావి."

నా ప్రసంగం ఎటు పోయిందో తెలియదు. ఒంటినిండా చెమటలు పట్టాయి, అది జూలై నెల, ఇక్కడ నడి చలికాలం, బయట గడ్డకట్టే చలి. తర్వాత లియమ్ ఒక్కసారిగా బల్లమీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు క్లాసంతా పాకి, పక్క క్లాసు టీచరు తలుపు తీసి చూసి వెళ్లేదాకా ఆగలేదు. సహస్ర మాత్రం నవ్వలేదు, నన్నే చూస్తోంది.

"మీరు నిజంగా ఎక్కడుంటారు?"

"వెర్రిబీలో. ఒక గ్యారేజీలో. ఏడుగురం."

"మరి ఆ టేపు గీసిన రోజు మాకెందుకు చెప్పలేదు?" అనడిగింది లిన్. "ఎలా బతికారని అడిగాను కదా."

"సిగ్గేసింది లిన్," అన్నాను. ఆ ఏడాదంతటిలో ఆ క్లాసుకు నేను చెప్పిన మొదటి నిజం అదేననుకుంటాను.

"మీ అమ్మకి తెలుసా?" సహస్ర అడిగింది.

"తెలియదు. తెలిస్తే ఆవిడకి అన్నం సయించదు. అందుకే పంపాను. మీ నాన్నగారు కూడా అందుకే పంపి ఉంటారు. నేను ఆ రోజు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే సహస్రా, ఎవరికోసం తీశారు అని. బోర్డు మీద రాసి కూడా అడగలేదు. నన్ను క్షమించు."

ఆ పిల్ల మళ్లీ ఫొటో వైపు చూసింది. "కానీ మీరు దాన్ని చూపించి ఎవరినీ తిట్టలేదు కదా."

"నాకింకా పిల్లలు లేరు. ఉంటే తిట్టేవాణ్ణేమో."

సహస్ర మూతి కొంచెం వంకర తిరిగింది. నవ్వు అని గట్టిగా చెప్పలేను గానీ నాకు అది చాలు. సబ్జెక్టు మార్చుకునే కాగితం హెలెన్ దగ్గరికి చేరలేదు.

ఆ శనివారం ప్రసాద్ గారు కూతుర్ని ఆ పాత పేటకు తీసుకెళ్లారట. కారు మొదట్లోనే ఆపి, తాను పాంప్లెట్లు పంచిన వీధులన్నీ తన పక్కన నడిపించారట. సోమవారం సహస్ర కాస్త కుంటుతూ క్లాసుకు వచ్చి, "ఆ వీధులకు అంతే లేదు సర్. ఆయన రోజూ నడిచేవారు," అంది. గొంతులో కోపం లేదు. ఎర్ర ఇటుకల ఇల్లు ఇంకా ఉందట, ముసలావిడ మాత్రం లేదట. అది చెబుతున్నప్పుడు మాత్రం ఆ పిల్ల గొంతు కొంచెం తగ్గింది.

ఆ రోజు స్కూలయ్యాక ప్రసాద్ గారి నుంచి ఫోను. మొదటి రింగుకే ఎత్తాను.

"తమ్ముడూ, అమ్మాయి నాతో మాట్లాడతందయ్యా. థాంక్స్."

మాస్టారు పోయి తమ్ముడు వచ్చింది. ధైర్యం తెచ్చుకుని, "అన్నయ్యా, ఆ ఫొటో... నిజంగా మీ ఇల్లని తెలియదు," అన్నాను.

"నాకు తెలుసులే. ఆర్నెల్లయింది."

"ఆర్నెల్లా?"

"ఫిబ్రవరిలోనే మా ఆవిడకి వచ్చిందయ్యా, పెళ్లిసంబంధాల గ్రూపులో. వరుడు ఆస్ట్రేలియాలో టీచరు, పాయింట్ కుక్‌లో సొంత ఇల్లు, కారు అని. మీ అమ్మగారే పెట్టించినట్టున్నారు. మా ఆవిడ నాకు చూపించి, 'ఏవండీ, మనం ఇల్లెప్పుడు అమ్మాం?' అంది."

నేను అక్కడే నేలమీద కూర్చున్నాను. "మరి... ఎవరికీ చెప్పలేదా? సహస్రక్కూడా? మొన్న స్కూలుకి వచ్చినప్పుడైనా నా మొహాన కొట్టి ఉండాల్సింది కదా!"

"నోటి దాకా వచ్చింది. కానీ ఏం చెబుతాం తమ్ముడూ. అమ్మకి పంపుకున్న ఫొటో అది. చూడంగానే అర్థమైంది మాకు. మా ఆవిడ ఇంటి ముందు ఆ చెప్పుల స్టాండు ఒక్కటి సర్దింది, మళ్లా ఎవరన్నా దిగితే బాగుంటుందని."

ఆ సాయంత్రమే అమ్మకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. గ్యారేజీ, పరుపు, మిషను, ఏడుగురు. అవతల అమ్మ ముక్కు చీదింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. చివరికి, "సరేరా, ఇల్లంటే సరే. మరి ఆ కారు?" అంది.

కాబట్టి ఇది చదివిన మీ అందరి సాక్షిగా, ఒంటికాలి మీద నిలబడి, చెవులు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఏ పిల్ల తెచ్చిన ఫొటోనైనా సరే, అందులో ఉన్న మనిషిని ముందు అడగందే ఇక జన్మలో గోడమీద వేయను. ఎవరి ఇంటి ముందైనా నిలబడి ఫొటో దిగాల్సివస్తే, ముందు తలుపు కొట్టి, ఇంటివాళ్లను కూడా పక్కన నిలబెట్టుకుంటాను.